మైనం కారుకు, తాళం మేకుకు

కారు కొన్నవాళ్లందరూ దాన్ని నడపడం మానేస్తే ఈ దేశం బాగుపడుతుంది!

తొందరపడి నన్ను పర్యావరణం మనిషిని అనుకోకండి. కార్లు కొనొద్దని నేననడం లేదు. కొనండి. నిక్షేపంగా కొనండి. కొని ఇంటి ముందు పెట్టుకోండి. ఆదివారం ఆదివారం దానికి షాంపూ పోయండి, తుడవండి, మెషీన్‌తో పాలిష్ పట్టండి, చేత్తో మైనం రాయండి. మళ్లీ ఆదివారం వచ్చేదాకా దుప్పటి కప్పి ఉంచండి. అంతకుమించి దానితో ఏ సంబంధమూ పెట్టుకోకండి. కారు వల్ల మనిషికి దక్కే సుఖమంతా ఇందులోనే ఉంది.

ఈ మాట పుస్తకాలు చదివి చెప్పడం లేదు. మా ఇంట్లో చూసి చెబుతున్నాను.

నా పేరు మనోరమ. మాది తమిళనాడు అంచున ఉన్న హోసూరు. మా ఆయన కేశవ్‌కు బజారు వీధిలో పాత్రల అంగడి ఉంది. మా మామగారు పెట్టిన అంగడి. ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, స్టీలు డబ్బాలు, పెళ్లి సారెకు కావలసినవన్నీ దొరుకుతాయి. పొద్దస్తమానం మెరిసే వస్తువుల మధ్య కూర్చోవడం వల్లనో ఏమో, మా ఆయనకు మెరుపంటే ప్రాణం. ఎవరైనా బిందె మీద వేలు పెట్టి బేరం చేస్తే, వాళ్లు మెట్లు దిగేదాకా ఓపిక పట్టి, వెంటనే ఆ వేలిముద్ర తుడిచేస్తారు.

ఇంట్లో మాత్రం ఇంతవరకూ ఒక్క గ్లాసు కడిగిన పాపాన పోలేదు. అది వేరే విషయం.

పోయిన ఏడు కారు కొన్నారు. షోరూము వాళ్లు దాని రంగుకు ఏదో నోరు తిరగని ఇంగ్లీషు పేరు చెప్పారు. మా అమ్మాయి నమిత చూడగానే "నేరేడుపండు" అంది. ఆ పేరే నిలిచిపోయింది. నిజంగానే చెట్టు మీంచి అప్పుడే రాలిన పండులా ఉండేది.

కారు ఇంటికి వచ్చిన రోజు నేను పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పెట్టుకుని ఎదురెళ్లాను. బానెట్ మీద బొట్టు పెడదామని వేలు చాచానో లేదో, మా ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏయ్, ఏయ్! పసుపు మరక పడితే పోదు! ఉండు, కాయితం అంటిస్తాను. దాని మీద పెట్టు."

కాగితం మీదే పెట్టాను. కొబ్బరికాయ ఎదురింటి వాళ్ల గోడ దగ్గర కొట్టాం, పెంకు ఎగిరి తగలకుండా. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టబోతే, నిమ్మరసం రబ్బరుకు మంచిది కాదని వాటిని రెండు పక్కలా జరిపించి, మధ్యలోంచి కారును పోనిచ్చారు. మా పురోహితుడు అది చూసి మంత్రం మరిచిపోయాడు.

ఇప్పుడు అసలు శాస్త్రానికి వద్దాం. కారుకు పాలిష్ అంటే గుడ్డ తీసుకుని రుద్దడమే కదా అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. వాళ్ల మీద జాలిపడదాం.

ముందుగా స్నానం. హోసూరు బోరు నీళ్లతో కడిగితే తెల్లటి చుక్కలు పడతాయట. అందుకని కారుకు క్యాన్ నీళ్లు. మరి మాకు? మాకు బోరు నీళ్లే. "కాచి తాగితే ఏమీ కాదు," అన్నారు మా ఆయన. షాంపూ కూడా అల్లాటప్పాది కాదు, పసిపిల్లలకు వాడేది. కళ్లు మండవు కదా, హెడ్‌లైట్లకు మంచిదని కాబోలు!

తర్వాత బంకమట్టి. క్లే అంటారు. ముద్దగా, మెత్తగా ఉంటుంది. దాంతో ఒళ్లంతా రుద్దితే కంటికి కనపడని దుమ్ము ఊడి వస్తుందట. కంటికి కనపడని దుమ్మును ఎందుకు తీయాలి అని మాత్రం అడక్కండి, నేనడిగి చూశాను. ఎండకు కరగకుండా ఆ ముద్దను ఫ్రిజ్‌లో పెడతారు. నీలం రంగులో ఉంది కాబట్టి బతికిపోయాం, లేకపోతే ఎప్పుడో చపాతీలు ఒత్తేసి ఉండేదాన్ని.

ఆ పైన కాంపౌండ్ అనే పేస్టు పూసి, గుండ్రంగా తిరిగే మెషీన్‌తో పాలిష్. అది అయ్యాక మైనం. మైనం మటుకు మెషీన్‌తో కాదు, చేత్తోనే. మునివేళ్లతో, చంటిబిడ్డకు నూనె రాసినట్టు రాస్తారు. ఆ గంటసేపు మా ఆయన ముఖం చూడాలి! అంత శాంతం మా పెళ్లిపీటల మీద కూడా చూడలేదు.

ఇక గుడ్డలు. మైక్రోఫైబర్ గుడ్డలకు విడిగా బకెట్, విడిగా సబ్బు, విడిగా దండెం. నా చీరల పక్కన ఆరేస్తే చీరల నూలు అంటుకుని కారు మీద గీతలు పడతాయట. అందుకని దండెం వాటికిచ్చి, నా చీరలు పిట్టగోడ మీద ఆరేసుకుంటున్నాను. మబ్బు పడితే వీధిలో అందరూ బట్టలు తీయడానికి మేడ మీదికి పరిగెత్తుతారు. మా ఇంట్లో ఇద్దరమూ కారు దగ్గరికే పరిగెత్తుతాం.

ఇంత కష్టానికి ఫలితం ఏమిటంటారా? ఫలితం ఒకటా, రెండా!

మొదట, భద్రత. హైవే మీద రోజూ ఎన్ని ఘోరాలు చూస్తున్నాం! మా కారు వల్ల ఇంతవరకు చీమకైనా హాని జరిగిందా? అది చేసిన అతి పెద్ద ప్రయాణం షెడ్డులోంచి గేటు దాకా, గేటు దగ్గర్నుంచి షెడ్డు దాకా. కడిగేటప్పుడు ముందుకు, తుడిచేటప్పుడు వెనక్కు. ఒక్కసారి మాత్రం పూలకుండీకి తగలబోయింది. ఆ కుండీని అప్పుడే ఇంట్లోంచి బహిష్కరించారు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఆ సామెతలోని లోతు మా ఆయన పట్టుకున్నారు. రోడ్డు తొక్కకపోవడం, అయినా కడగడం!

ఆరోగ్యమా? డాక్టరు రోజూ నడవమన్నాడు. మా ఆయన కారు చుట్టూ నడుస్తారు. వంగుతారు, లేస్తారు, మోకాళ్ల మీద కూర్చుంటారు, టార్చి వేసి తలుపు అంచులు చూస్తారు. సూర్య నమస్కారాలు చేసేవాళ్లు కూడా అన్ని రకాలుగా వంగరు.

భూతదయ సంగతి చెప్పనేలేదు. వీధిలో ఒక పిల్లి బానెట్ మీద పడుకునేది. గోళ్లతో గీస్తుందని భయం. తరిమితే దూకేటప్పుడు ఇంకా గీస్తుందని మరింత భయం. చివరికి దానికి మెత్తటి పరుపు కుట్టించి గోడ మీద వేశారు. పొద్దునా సాయంత్రం పాలు. ఒక మనిషిని పిల్లికి సేవ చేసే స్థితికి తెచ్చిన వస్తువును మీరు వట్టి కారు అంటారా?

బంధువుల బెడద కూడా తగ్గింది. కారు కొన్న కొత్తలో ఎవరింట్లో పెళ్లయినా "కేశవా, ఒక్క పూట కారు పంపప్పా" అని ఫోన్లు. ఇప్పుడు ఆ ధైర్యం ఎవరికీ లేదు. ఒకసారి మా ఆడపడుచు కొత్త చీర కట్టుకుని, చేతుల నిండా గాజులు వేసుకుని, గుడికి దింపమని వచ్చింది. మా ఆయన ఆమెను తలుపు దగ్గరే ఆపారు.

"గాజులు తీసి ఎక్కక్కా. తలుపుకు రాసుకుంటాయి."

ముత్తయిదువను పట్టుకుని గాజులు తీయమంటారా!  ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని షేర్ ఆటో ఎక్కి పోయింది. మా ఆయన పాపం ఆ సాయంత్రమంతా "నేనేమన్నాను? గీత పడుతుందనే గదా అన్నాను" అని తిరిగారు. ఆమె మళ్లీ మా ఇంటి గడప తొక్కలేదు. నా వంట మీద, నా పెంపకం మీద, నా జడ పొడుగు మీద వచ్చే వ్యాఖ్యలన్నీ ఆగిపోయాయి. నేను ఆ మైనం డబ్బాకు మనసులోనే ఒక దండం పెట్టుకున్నాను.

పైగా మా ఇంట్లో నిలువుటద్దం అక్కర్లేదు. ఆ కారు తలుపులో చూసుకునే బొట్టు దిద్దుకుంటాను. కాస్త దూరంగా నిలబడాలి, అంతే. ఊపిరి తగిలితే ఆవిరి పడుతుందని ఆయన బాధపడతారు.

ఇన్ని లాభాల మధ్య ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. చిన్నదే.

మా నమిత బర్గూరులో ఇంజినీరింగ్ చదువుతోంది. హాస్టల్లో ఉంటుంది. ఆదివారం తల్లిదండ్రులను చూడనిస్తారు. ఆదివారం మా ఆయనకు పాలిష్. అందుకని నేను ఒక్కదాన్నే టిఫిన్ క్యారియర్ పట్టుకుని హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సు ఎక్కుతాను. కృష్ణగిరిలో దిగి బర్గూరు బస్సు పట్టుకుంటాను.

బస్సు ప్రయాణం ఎంత మంచిదో మీకు తెలియదు! "ఉళ్ళ పోంగమ్మా, ఉళ్ళ పోంగ" అని కండక్టరు లోపలికి తోస్తుంటే జనంతో మమేకం కావడం కారులో కుదురుతుందా? శూలగిరి దాకా నిలబడితే నడుము గట్టిపడుతుంది. ఒకసారి బస్సు కుదుపుకు క్యారియర్ అడుగు గిన్నెలోని చారు ఒక పెద్దమనిషి తెల్లపంచె మీద ఒలికింది. ఆయన తమిళంలో తిట్టాడు, ఆయన భార్య కన్నడంలో సర్ది చెప్పింది, నేను తెలుగులో క్షమాపణ అడిగాను. దేశ సమైక్యత అంటే అదే కదండీ!

అప్పుడప్పుడు మాత్రం, కిటికీలోంచి ఎవరో ఆడమనిషి తన కారు తాను నడుపుకుంటూ మా బస్సును దాటి పోవడం కనిపించేది. అప్పుడు నేను క్యారియర్ చేయి మార్చుకుని, కారు పాలిష్ వల్ల కలిగే లాభాలను ఒక్కొక్కటిగా గుర్తు చేసుకునేదాన్ని.

ఎందుకంటే నాకు లైసెన్సు ఉంది. చెప్పడం మరిచాను. డ్రైవింగ్ స్కూలు వాళ్ల డొక్కు కారులో నేర్చుకుని, పరీక్షలో ఎనిమిది అంకెలా కారు తిప్పి, మొదటిసారికే పాసయ్యాను. లైసెన్సు ఫోటోలో నవ్వుతూ ఉంటాను. ఫోటో తీసే అమ్మాయి "నవ్వకూడదు మేడం" అంది. నా వల్ల కాలేదు.

మా కారు తాళం దేవుడి గది పక్కన ఒక మేకుకు ఉంటుంది, మఖమలు సంచిలో. రోజూ దీపం పెట్టేటప్పుడు దేవుడిని, దాన్ని కలిపి చూస్తాను. తీసుకుంటే ఎవరూ కొట్టరు. కానీ అడగకుండా తీసుకునే అలవాటు నాకు లేదు. అడిగితే ఇచ్చే అలవాటు ఆయనకు లేదు.

"ఏమండీ, ఈ పొద్దు బర్గూరుకు కారులో పోయి వద్దునా? నేను తోలుతాను."

"ఇప్పుడేనా! ఇప్పుడే మైనం పెట్టినాను. అది సెట్ కావాల."

ఇంకో వారం అడిగితే పురుగులు. "శూలగిరి దాటినాక పురుగులు మనోరమా, నీకు తెలీదు. బంపర్ నిండా అంటుకుంటాయి. వాటిల్లో ఆసిడ్ ఉంటుంది."

మరో వారం లారీలు. "బర్గూరు దోవంతా బండలు మోసే లారీలే గదా. ఒక్క గులకరాయి ఎగిరి తగిలిందంటే ముగిసింది కత."

"అయితే కారు ఎందుకు కొన్నామండీ?"

ఆయన చేతిలోని గుడ్డ ఆగింది. నిజంగానే ఆలోచించారు. "ఎందుకేమి? ఇంటికి ఒక కారు ఉండద్దా?" అన్నారు. ఆ జవాబులో తప్పు వెతకడం నా వల్ల కాలేదు. మళ్లీ బస్సెక్కాను.

ఇలా ఉండగా నమిత హాస్టల్లో పేరెంట్స్ డే అన్నారు. అదీ ఆదివారమే. అమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మా, నువ్వు కారు తోలుకోని వస్తావని నా రూమ్మేట్లకు చెప్పినాను. వాళ్ల అమ్మలెవరికీ రాదంట. చూడాలని కాచుకోని ఉండారు. మళ్లా బస్సులో వచ్చి నా మానమర్యాద తీయద్దు."

 ఫోను స్పీకర్లో పెట్టి మా ఆయన ముందు ఉంచాను. కూతురు అడిగితే కాదనలేరు కదా!

"సరే తల్లీ," అన్నారు ఆయన. "ఈ ఆదివారం తాళం మీ అమ్మకే. కానీ అంతమందికి ముందర పోవాలంటే కారు కొంచెం చూడబుల్‌గా ఉండాల గదా. పొద్దున ఒక్క రౌండు పాలిష్ కొట్టేస్తాను. అయినాక పోతాము."

ఆ వారమంతా నేను నేల మీద లేను. పులిహోర, ఒబ్బట్లు, మురుకులు. ఏ చీర కడితే క్లచ్‌కు అడ్డం పడదో కట్టి, కుర్చీలో కూర్చుని కాళ్లు కదిపి చూసుకున్నాను. మనసులో శూలగిరి మలుపులన్నీ తిరిగేశాను. ఈ వయసులో ఇంత సంబరమా అని మీరు నవ్వుకోవచ్చు. నాకైతే సిగ్గు వేయలేదు.

ఆదివారం తెల్లారింది. మా ఆయన బానెట్ సగం పాలిష్ పట్టారో లేదో, మెషీన్ గుర్రుమని మూలిగి, పొగ వదిలి, ఆగిపోయింది. నేరేడుపండు మీద సగం మెరుపు, సగం ఎండిన పేస్టు. సున్నం సగం కొట్టి వదిలేసిన గోడలా ఉంది.

"ఇట్ల పోతే ఆడ అందరూ నగుతారు," అని మా ఆయన గుడ్డ నేలకేసి కొట్టారు. "ఈ పొద్దు కాదు మనోరమా. మెషీన్ రిపేరు చేయించి, వచ్చే వారం..."

 క్యారియర్ సర్దిపెట్టి ఉంది. బస్సు చిల్లర కోసం పర్సు వెతకడం మొదలుపెట్టాను.

సరిగ్గా అప్పుడే మా అన్న నాగేశప్ప జీపు వచ్చి ఆగింది. మా అన్నది బర్గూరే. గ్రానైట్ పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. హోసూరులో ఎవరింట్లోనో వంటగది బండకు అంచులు నున్న చేసే పని ఉందని, దోవలో కాఫీ తాగి పోదామని వచ్చాడు. కారును చూశాడు, మా ఆయన ముఖాన్ని చూశాడు, విషయం విన్నాడు.

"ఇంతేనా బావా! దీనికా ఇంత దిగులు? జీపులో మెషీన్ ఉండాది. కొండనే అద్దం మాదిరి చేసేవాళ్లం మేము. ఈ రేకు ఒక లెక్కా?"

మా బర్గూరు వైపు పాలిష్ అంటే ఒకటే పాలిష్. రాతిలో మీసం వెంట్రుకలు లెక్కపెట్టుకునేలా ఉండాలి. లేకపోతే ఆ రాయి ఫ్యాక్టరీ దాటదు. మా అన్న మీసాలు అందరికన్నా ఒత్తు, అందుకే సూపర్‌వైజరు అయ్యాడని మా వదిన అంటుంది.

జీపులోంచి మెషీన్ దించాడు. మా ఆయన మెషీన్ దాని ముందు గిలక్కాయలా ఉంది. కింద గరుకు బిళ్ల, పక్కన నీళ్ల ట్యూబు.

"అన్నా, అది రాతికి గదా?" అన్నాను నేను.

"పాలిష్ అంటే పాలిష్ పాపా. రాయి అయితే ఏమి, రేకు అయితే ఏమి? అంత గట్టి రాయికే మెరుపొస్తుంది, ఈ మెత్తదానికి ఇంకా తొందరగా రాదా?"

"నీకేమి తెలుసు మనోరమా, బావకు అదే పని గదా," అన్నారు మా ఆయన. ఏడాదిగా కారు దగ్గర ఊపిరి పీల్చనివ్వని మనిషి! సొంత పెళ్లాం తాళం అడిగితే నూరు సందేహాలు. బావమరిది బండ మెషీన్ తెస్తే ఒక్కటీ లేదు. "పోయి కాఫీ తీసుకోని రా."

నేను కాఫీకి వెళ్లాను. తెలియనివాళ్లం కదా, తెలిసినవాళ్ల మధ్య మనకేం పని?

"బానెట్ తర్వాత. ముందు తలుపు మీద శాంపిల్ చూపిస్తాను," అంటున్న మా అన్న గొంతు వినిపించింది. తర్వాత ఒక అరుపు. మనిషి అరుపు కాదు, మెషీన్‌ది. వీధిలో కుక్కలన్నీ లేచాయి.

కాఫీ పట్టుకుని బయటికొచ్చేసరికి కాలువలో నేరేడు రంగు నీళ్లు పారుతున్నాయి. తమాషా ఏమిటంటే, వాళ్లిద్దరూ ఆనందంగా ఉన్నారు! ఎడమవైపు ముందు తలుపు మీద, పెద్ద దోసె పెనమంత మేర, తళతళా మెరుస్తోంది.

"చూడు బావా మెరుపు! మీసం కనిపిస్తాందా లేదా?"

"కనిపిస్తాంది బావా! అబ్బా, ఇట్లాంటి మెరుపు నా మెషీన్‌కు ఎన్నడూ రాలేదు!" అని మా ఆయన వంగి చూసుకున్నారు. మీసం దువ్వుకున్నారు కూడా.

"రంగు ఏమయింది?" అని నేను అడిగాను.

ఇద్దరూ ఒకేసారి ఒక అడుగు వెనక్కి వేశారు. మెరుస్తున్నది ఉత్త ఇనుప రేకు. మైనం, పాలిష్, నేరేడుపండు, దాని కింద పూత, అన్నీ కాలువలో కృష్ణగిరి దిక్కుగా పోతున్నాయి.

మా ఆయన చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మైనం డబ్బా తెచ్చి రెండు వేళ్లతో రాయబోయారు.  మా అన్న మెషీన్ చుట్టేసి, "సైట్లో కాచుకోని ఉంటారు," అని గొణిగి, కాఫీ తాగకుండానే జీపెక్కాడు. మా ఆయన బకెట్ బోర్లించి దాని మీద కూలబడ్డారు. నాకు జాలేసింది. అబద్ధం ఎందుకు, నిజంగానే జాలేసింది. ఇష్టపడి చేసుకున్న పని కళ్లముందు కాలువలో పోతుంటే ఎవరికైనా బాధే.

గడియారం చూశాను. బస్సు వెళ్లిపోయే వేళయింది. ఏం చేయను?

అప్పుడు ఆయన తల ఎత్తకుండానే అన్నారు.

"తాళం ఆడ మేకుకు ఉండాది. తోలుకో పో. ఇంక దానికి ఏమయితే ఏమి?"

పాఠకులారా, నాకు మొదట సంతోషం వచ్చింది. పరిగెత్తి సంచిలోంచి తాళం తీశాను. క్యారియర్ కోసం వంటింట్లోకి వెళ్లాక కోపం వచ్చింది.

పాత్రల అంగళ్ల వాళ్ల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. మంచి సరుకు అమ్మకానికి. దారిలో సొట్టపడినవి, మూత కుదరనివి, గీతలు పడి గిరాకీ లేనివి ఇంటికి. కాపురానికి వచ్చిన నాటి నుంచి సొట్ట లేని గిన్నెలో నేను పప్పు వండలేదు. ఆ క్యారియర్ కూడా అలా వచ్చిందే, అడుగు గిన్నె మూత పట్టదు. అందుకే ఆ రోజు బస్సులో చారు ఒలికింది. ఇన్నేళ్లూ అది పొదుపు అనుకున్నాను. తాళం చేతిలో పట్టుకుని అక్కడ నిలబడ్డప్పుడు తెలిసింది, మా ఇంట్లో ఏ వస్తువైనా సొట్టపడ్డాకే నా చేతికి వస్తుందని. నేను కారును గీస్తానని కాదు ఆయన భయం. బాగున్నది నాది కూడా అని ఆయనకు ఎప్పుడూ తోచలేదు, అంతే.

కోపం మంచిదే. క్లచ్ గట్టిగా పడుతుంది.

వీధి మలుపులో ఒక్కసారి ఆగిపోయింది, ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఆగలేదు. మా ఆయన పక్క సీట్లో, ఆ బోడి తలుపును ఆనుకుని, పెళ్లికూతుర్ని పంపిన తండ్రిలా కూర్చున్నారు. శూలగిరి దాటాక బంపర్‌కు పురుగులు అంటుకున్నాయి. ఒక లారీ చిన్న రాయి విసిరింది. ఆయన కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, నాకు రోడ్డు చూసే పని ఉంది. కృష్ణగిరి దాటాక ఆయనే మెల్లగా, "బాగానే తోలుతావుండావే," అన్నారు. "యాడ నేర్చినావు?"

యాడ నేర్చినానట! ఫీజు కట్టింది తానే.

హాస్టల్ గేటు దగ్గర నమిత, దాని వెనక అరడజను మంది ఆడపిల్లలు. అమ్మాయి తలుపు వైపు చూడనే లేదు. స్టీరింగ్ వెనక ఉన్న నన్ను చూసి, "చెప్పినానా లేదా!" అని అందరికీ వినపడేలా అరిచింది. పిల్లలు ఆ బోడి రేకులో ముఖాలు చూసుకుని జుట్టు సర్దుకున్నారు. "అంకుల్, ఇది కొత్త డిజైనా?" అని ఒక పిల్ల అడిగింది. మా ఆయన మీసం దువ్వుకుని "అవునమ్మా" అన్నారు.

ఆనాటి నుంచి ఆదివారాలు నావే. బర్గూరుకు వెళ్తున్నాను. రోజాల తోటలు చూడటానికి ఒకసారి వెళ్లాను. ఊరికే, పని లేకుండా కూడా ఒకసారి తిరిగొచ్చాను. కారులో ఇప్పుడు మురుకుల పొడి ఉంది, నా చెప్పుల మట్టి ఉంది. ఆయన ఏమీ అనరు. గుడ్డలు బీరువాలో పెట్టేశారు. నా చీరలు మళ్లీ దండెం ఎక్కాయి.

అంతా సుఖమే కదా అంటారా? ఆగండి. పోయిన వారం మా ఆయన అంగడి నుంచి హుషారుగా వచ్చారు.

"మనోరమా, బాగలూరు దోవలో ఒకడు రంగు కొడతాడంట. అచ్చం అదే రంగు. మచ్చ అనేదే తెలీదంట. కారు మళ్లా కొత్తదాని మాదిరి అయిపోతుంది!"

కొత్తదయితే తాళం మళ్లీ మేకుకే. కొత్తదాని మాదిరి!

"ఇప్పుడు ఆషాఢం కదండీ," అన్నాను.

"ఆషాఢం పోయినాక?"

"ఎండలు చూసుకోని కొట్టించాల. లేకపోతే రంగు సెట్ కాదు."

ఆయన తల ఊపారు. ఈ భాష ఆయనకు అర్థమవుతుంది. పోతూ పోతూ, "తుప్పు మాత్రం పట్టనియ్యద్దు. పట్టిందంటే కొట్టించక తప్పదు," అన్నారు.

కాబట్టి, అమ్మలారా, కారు పాలిష్ మీద మీకెవరికైనా ఇంకా అనుమానాలుంటే నా దగ్గరికి రండి. రోజూ పొద్దున్నే లేచి, పొయ్యి వెలిగించక ముందే, ఆ బోడి మచ్చ మీద తేమ తుడిచి, మైనం డబ్బా తీసి, మునివేళ్లతో, అంచులు వదలకుండా నేనే రాస్తున్నాను. చుక్క తుప్పు కూడా పట్టనివ్వను. నిన్న మా ఆయన కిటికీలోంచి చూసి, "నీకూ పట్టిందా ఈ పిచ్చి?" అని నవ్వారు.

పట్టిందనే చెప్పాను. తాళం నా కొంగున ముడివేసి ఉంది.